కోట్లమ్మ చిగుళ్ళు

మా ఆసుపత్రిలో మా మేనత్తని అందరూ కోట్లమ్మ అంటారు. ఆవిడ దగ్గర కోట్లున్నాయని కాదు, డాక్టర్లకీ నర్సులకీ మా ల్యాబు వాళ్ళకీ తెల్లకోట్లు కుట్టేది ఆవిడే. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరు విని, ఎవరో పెద్ద ఆస్తిపరురాలు వస్తోందనుకుని లేచి నిలబడతారు. ఆసుపత్రి వెనక వీధిలో ఆవిడ దుకాణం, పైన రెండు గదుల్లో మేమిద్దరం. నేను రక్త పరీక్షల గదిలో పనిచేస్తాను కాబట్టి నా పేరు దోమ. ఆ పేరు పెట్టిందీ ఆవిడే, ఊరంతా చాటిందీ ఆవిడే.

అత్త కుడి మోకాలు ఏళ్ళ తరబడి అరుగుతూ వచ్చి, పూర్తిగా అరిగిపోయి నాలుగేళ్ళయింది. మిషను మీద కుట్టేది కూర్చునే కాబట్టి అదెలాగో లాక్కొస్తోంది. చిక్కంతా కత్తిరింపుతోనే. కోటు కత్తిరించాలంటే బల్ల ముందు నిలబడాలి. ఆరు పొరల బట్ట పరిచి, ముందుకి వంగి, కత్తెరని చంక దగ్గర్నుంచి కింద అంచుదాకా ఒక్క ఊపులో నడిపించాలి. కూర్చుంటే చెయ్యి అందదు. కత్తెర మధ్యలో ఆగుతుంది, ఆగినచోట బట్ట మెట్టు పడుతుంది. ఈ ఏడాదంతా అత్త కూర్చునే కత్తిరించింది. పిల్లల డాక్టరు తన కొత్త కోటు ఒకవైపుకి జారుతోందని నవ్వుతూనే చెప్పాడు గానీ, ఆ రోజు అత్త భోజనం ముట్టలేదు.

చివరికి ఎముకల డాక్టరు మోకీలు మార్చేద్దామన్నాడు. మూడు నెలల్లో బల్ల ముందు నిలబడొచ్చని కూడా అన్నాడు. ఆ మాటతో అత్త కాళ్ళు నేల మీద ఆనలేదు, మామూలుగానే ఒక కాలు సరిగ్గా ఆనదు, అది వేరే సంగతి. ఆపరేషనుకి ముందు చెయ్యాల్సిన పరీక్షలన్నీ చేశాం. అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ సి.ఆర్.పి. ఒంట్లో ఎక్కడైనా వాపు గానీ చీము గానీ ఉంటే, సూక్ష్మజీవులతో పోరాటం జరుగుతుంటే, కాలేయం ఈ సరుకుని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. లోపల మంట ఉందని చెబుతుంది. ఎక్కడుందో మాత్రం చెప్పదు. పన్నెండేళ్ళుగా దాన్ని కొలుస్తున్నాను, పన్నెండేళ్ళుగా నాకు దాని మీద ఇదే కోపం. పదిలోపు ఉంటేనే కత్తి పడతానన్నాడు డాక్టరు. అత్తకి పద్ధెనిమిది వచ్చింది. అరిగిన మోకాలు ఒక్కదానికే అంత రాదనీ, ఎక్కడో క్రిములు దాక్కున్నాయనీ, అవి రక్తంలో తిరుగుతూ పోయి కొత్త కీలు మీద చేరాయంటే కాలికే ముప్పనీ అన్నాడు.

ఇంక వెతుకులాట మొదలైంది. మూత్రం చూశాం, ఊపిరితిత్తులు చూశాం, పొట్ట స్కాన్ చేయించాం, చెవులు చూశాం, కాలివేళ్ళ సందులు కూడా వదల్లేదు. అంతా శుభ్రం. పదిహేను రోజులాగి మళ్ళీ చేస్తే ఇరవై ఒకటి. ఆ తర్వాత పంతొమ్మిది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అత్త మాత్రం నా ల్యాబు మిషనుకే జ్వరం వచ్చిందేమో చూడమని సలహా ఇచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అదీ చూశాను. మిషనుకి ఏ జ్వరమూ లేదు.

ఇంకో రెండు నెలలు చూద్దామనీ, అప్పటికీ తగ్గకపోతే ఆపరేషను మాట మరిచిపోయి చేతికర్ర అలవాటు చేసుకోవడం మంచిదనీ డాక్టరు మెల్లగా చెప్పాడు. ఆయన ముందు అత్త తలూపింది. ఇంటికొచ్చాక కత్తిరింపు బల్ల అంచు చేత్తో నిమురుతూ చాలాసేపు ఉండిపోయింది.

"నిలబడలేని దర్జీ దర్జీ కాదే దోమా. గుండీలు కుట్టుకునే ముసలిది," అంది.

ఆ వారంలోనే నాకు కొత్త కోటు కుట్టి ఇచ్చింది. పొద్దున్నే ల్యాబులో గుండీలు పెట్టుకుంటూ మూడో గుండీ దగ్గర ఆగిపోయాను. గుండీ వెనక ముడి పక్కన దారం కొసకి ఆవగింజంత గోధుమరంగు చుక్క. ఎండిన రక్తాన్ని నాకెవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. మొదట వేలికి సూది గుచ్చుకుందేమో అనుకున్నాను. కానీ గుచ్చుకున్న వేలు ఒక్కచోట ఊరుకోదు, తాకినచోటల్లా మరక చేస్తుంది. ఇక్కడ చుట్టూ బట్ట తెల్లగా ఉంది, దారం కొస ఒక్కటే తడిసి ఎండింది. ఆ కొస కత్తెరతో తెగినట్టు నున్నగా లేదు. నలిగి, చప్పిడిగా ఉంది.

అత్త దారాన్ని కత్తెరతో తెంపదు. పళ్ళతో తెంపుతుంది. నలభై ఏళ్ళ అలవాటు.

మిగతా గుండీలు తిరగేసి చూశాను, మరో రెండింటి దగ్గర అదే చుక్క. ఆగలేక గోడకి తగిలించిన అందరి కోట్లూ ఒక్కొక్కటే తిప్పి చూడటం మొదలుపెట్టాను. ఉతికిన వాటిలో కూడా అక్కడక్కడా దారం కొసలు పసుపుపచ్చగా కనిపించాయి. జేబులు వెతకడం ఎప్పట్నుంచి నేర్చుకున్నావని మా సీనియరు అడిగాడు. నేను తర్వాతి కోటు తిప్పాను.

మధ్యాహ్నం విరామంలో దుకాణానికి పరిగెత్తాను. అత్త ఒక కోటు చేతి పట్టీకి గుండుసూదులు పెడుతోంది. సూదుల్ని ఎప్పుడూ పెదాల మధ్యే పట్టుకుంటుంది, మాటలు కూడా వాటి సందుల్లోంచే వస్తాయి. నా చిన్నప్పట్నుంచీ ఆ సూదులు కుడి మూలనుండేవి. ఇప్పుడు ఎడమ మూలనున్నాయి. ఎన్నాళ్ళయిందో నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బల్ల దగ్గర తింటూ, ఆవిడ నోటికేసి నేను ఒక్కసారి కూడా చూడలేదన్నమాట. నా మీద నాకే అసహ్యం వేసింది.

"అత్తా, సూదులు తీసేసి నోరు తెరువు."

"దేనికి? లెక్క తగ్గిందా? నేనేం మింగలేదు."

"తెరవమన్నానా."

కాసేపు వాదించింది. పనుందంది, తర్వాత చూద్దామంది, నేను కదలకపోయేసరికి సూదులన్నీ తీసి సూదుల దిండుకి గుచ్చి నోరు తెరిచింది. ఫోను లైటు వేసి చూశాను. ఎడమవైపు ఫరవాలేదు. కుడివైపు కింది వరసలో చిగుళ్ళు ఉబ్బి, ఎరుపు దాటి నల్లబారి ఉన్నాయి. పళ్ళ మొదళ్ళలో పచ్చటి గార గట్టిగా పేరుకుంది. చేతికి తొడుగు వేసుకుని వేలితో మెల్లగా నొక్కితే పంటికీ చిగురుకీ మధ్య నుంచి చీము బొట్టు పైకొచ్చింది.

మంట ఎక్కడుందో పన్నెండేళ్ళ అనుభవం చెప్పలేదు, పెద్ద పెద్ద మిషన్లు చెప్పలేదు. దారం కొస చెప్పింది.

అప్పుడు బయటపడింది అసలు కథ. రెండేళ్ళ కిందట ఒకరోజు పళ్ళు తోముతుంటే రక్తం వచ్చిందట. బ్రష్షు గీరుకుని గాయమైందనుకుందట. గాయాన్ని గెలక్కూడదు కాబట్టి ఆవైపు తోమడమే మానేసిందట. మానేసినా రక్తం ఆగలేదు. ఎడమవైపు నమలడం మొదలుపెట్టింది, సూదులు అటు మార్చింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది. డాక్టరు చూస్తే పళ్ళన్నీ ఊడబీకుతాడని భయం. మా నాయనమ్మకి ఇదే వయసులో ఒక్క పూటలో అన్నీ పీకించారు, అది ఈవిడ కళ్ళారా చూసింది.

నెలన్నర నుంచి నిన్ను తలనుంచి కాలిదాకా జల్లెడ పడుతుంటే నోరు మూసుకుని ఎలా కూర్చున్నావని అరిచాను. అత్త ఏ మాత్రం తొణకలేదు.

"నోటి గురించి ఎవరడిగారు? మోకాలి గురించి కదా అడిగారు."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. నిజానికి అడిగారు. ఆపరేషను కాగితంలో పదకొండో ప్రశ్న అదే, పళ్ళకీ చిగుళ్ళకీ సంబంధించిన ఇబ్బందులు ఉన్నాయా అని. ఆ కాగితం నింపింది నేను. మా అత్త గురించి నాకు తెలియనిదేముందన్న ధీమాతో, ఆవిణ్ణి అడక్కుండానే, "లేవు" అని రాసేశాను.

మర్నాడే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ గీతలున్న సన్నటి కడ్డీని ఒక్కో పంటి చుట్టూ చిగురులోకి దింపి లోతు కొలుస్తూ అంకెలు చెబుతోంది. రెండు, మూడు అయితే మంచిదట. కుడివైపుకి వచ్చేసరికి ఆరు, ఏడు, ఒకచోట తొమ్మిది. కొలతల భాష అత్తకి బాగా తెలుసు. తొమ్మిది మిల్లీమీటర్లంటే కాలరు మడత అంత కదా అని కళ్ళు పెద్దవి చేసింది. పంటికీ చిగురుకీ మధ్య పడ్డ ఆ లోతు సంచుల్లోకి బ్రష్షు పోదు, గాలి పోదు, అలాంటి చోటే ఈ జాతి క్రిములకి ఇష్టమని డాక్టరమ్మ చెప్పింది. వాటిని తరమడానికి ఒళ్ళు సైన్యాన్ని పంపిస్తుంది, పోరు ఏళ్ళ తరబడి సాగుతుంది, ఆ పోరులో క్రిముల కంటే పంటిని పట్టుకున్న ఎముకే ఎక్కువ నష్టపోతుంది. ఆ కబురు రక్తంతో పాటు కాలేయందాకా వెళుతుంది, అక్కడ నా సి.ఆర్.పి. తయారవుతుంది.

తర్వాత ఆ సంచిలోంచి ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి తెర మీద చూపించింది. కడ్డీల్లాంటివి, గుండ్రటివి, మెలికలు తిరిగిన దారాల్లాంటివి, అన్నీ ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ ఈదుతున్నాయి. అత్త కుర్చీలోంచి ముందుకి వంగింది.

"ఇవన్నీ నా నోట్లోవేనా? రెండేళ్ళుగా కాపురం పెట్టేశాయా?"

"పెట్టేశాయి. పిల్లాపాపలతో," అంది డాక్టరమ్మ.

"ఖాళీ చేయించండి," అంది అత్త. పళ్ళన్నీ పీకుతారేమోనన్న భయం ఆ మాటతోనే పోయినట్టుంది. తొమ్మిది లోతున్న ఒక్క దవడపన్ను మాత్రం దక్కదనీ, మిగతావన్నీ కాపాడవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ ఒక్కదానికీ అత్త పెద్దమనసు చేసుకుని ఒప్పుకుంది.

మందుతో మొద్దుబార్చి ఆ పన్ను తీసేసి, రెండు విడతలుగా చిగుళ్ళ లోపలిదాకా శుభ్రం చేశారు. రెండో విడత అయిన సాయంత్రం సగం మొహం తిమ్మిరెక్కి అత్త మాట్లాడలేకపోయింది. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు చేశాను నేను రెండో తప్పు. మర్నాడు పొద్దున్నే అత్త చెయ్యి పట్టుకుని రక్తం తీశాను. ఎవరూ తియ్యమనలేదు. క్రిములు పోయాయి, గార పోయింది, ఇంక ఆ అంకె ఎలా దిగదో చూద్దామని నా ఆత్రం. ముప్పై నాలుగు వచ్చింది. పంతొమ్మిది ఎక్కడ, ముప్పై నాలుగు ఎక్కడ.

దుకాణంలోకి అడుగుపెట్టగానే నా మొహం చూసి అత్త మిషను ఆపింది. ఏదో చెప్పి దాటేద్దామనుకున్నాను గానీ ఆవిడ దగ్గర నా అబద్ధాలు ఎప్పుడూ చెల్లలేదు.

"నీళ్ళు నమలకుండా చెప్పు. ఎంత?"

చెప్పాను. అత్త మెడలోని కొలత టేపు తీసింది. చుట్టచుట్టి సొరుగులో పెట్టి, సొరుగు మూసింది. "ఇంక చాల్లేవే. నా ఒంటికి ఇష్టం లేదు," అంది. మెలకువగా ఉన్నప్పుడు ఆవిణ్ణి మెడలో టేపు లేకుండా నేను చూడటం అదే మొదటిసారి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఆ ఏడుపంతా కోపం చేసుకుని డాక్టరమ్మ మీదికి దెబ్బలాటకి వెళ్ళాను. ఆవిడ నా కాగితం తీసుకుని, అంకె చూసి, తర్వాత తేదీ చూసింది. ఎప్పుడు తీశావని అడిగింది. శుభ్రం చేసిన మర్నాడని చెప్పాను.

"నువ్వు ల్యాబులో పనిచేస్తావన్నది నిజమేనా? ఇల్లు దులిపిన మర్నాడు గాల్లో దుమ్మెంతుందో కొలుస్తారా ఎవరైనా?"

చిగుళ్ళని అంత కదిలించాక నాలుగు రోజులు ఆ అంకె పైకే పోతుందట. పైకి పోవాలట కూడా, ఒళ్ళు మానడం మొదలుపెట్టిందని అర్థమట. ఆరు వారాలు సూది ముట్టుకోవద్దంది. ఆ సంగతి నాకు తెలియనిదా? కోత పడిన మనిషికి వెంటనే ఈ పరీక్ష చెయ్యకూడదని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేదాన్ని నేనే. ఎవరి చెయ్యో అయితే గుర్తుండేది. అత్త చెయ్యి కాబట్టి చదువంతా అటకెక్కింది.

వెనక్కి వచ్చి జరిగింది చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకుని, సొరుగు తెరిచి టేపు తీసి నా చేత్తోనే ఆవిడ మెడలో వేశాను. అత్త టేపు సర్దుకుంటూ, ఈ దోమకి సూది ఇచ్చినవాళ్ళననాలి అని గొణిగింది. ఆ గొణుగుడు విన్నాక నాకు ఊపిరి ఆడింది.

ఆ ఆరు వారాలూ అత్తని చూడాల్సింది. పళ్ళ సందుల కోసం డాక్టరమ్మ మూడు సైజుల బుల్లి బ్రష్షులు ఇచ్చింది. రక్తం వచ్చేచోటే ఇంకా శ్రద్ధగా తోమాలని మరీ మరీ చెప్పింది. రెండేళ్ళు తను నమ్మినదానికి ఇది సరిగ్గా తలకిందులు. మొదటి రెండు రోజులూ అద్దం ముందు బ్రష్షుని పంటిదాకా తెచ్చి వెనక్కి తీసేసింది. తర్వాత పనిమంతురాలి బుద్ధి పైకొచ్చింది. ఏ సందుకి ఏ సైజో చూసుకుని, ఒక చివర మొదలుపెట్టి రెండో చివరిదాకా, ఒక్క సందు వదలకుండా, కుట్టు వేసినంత వరసగా తోమేది.

అంతటితో ఆగలేదు. ఆరు వారాలు నన్ను సూది ముట్టుకోనివ్వలేదు కాబట్టి తనే ఒక ల్యాబు పెట్టుకుంది. రోజూ పొద్దున్నే తోముకున్నాక తెల్లకోటు బట్టలో మిగిలిన చిన్న ముక్కని కుడి పళ్ళతో గట్టిగా కొరికి, దాని మీద పెన్సిలుతో తేదీ వేసి, ఒక అట్టపెట్టెలో వరసగా పేర్చేది. మొదటివారం ముక్కల మీద ఎర్రటి చుక్కలు. రెండోవారం గులాబీరంగు మరకలు. మూడోవారం చివరికి పళ్ళ గుర్తులు తప్ప ఏమీ లేవు. ఆ రోజు ముక్కని నా కాఫీ కప్పు పక్కన పెట్టి, పేపరు చదువుతున్నట్టు నటిస్తూ నేను చూసేదాకా ఎదురుచూసింది. ఉబ్బిన చిగుళ్ళు దిగి, లేతరంగుకి తిరిగి, పళ్ళని హత్తుకున్నాయి. కొమ్మకి కొత్తగా వచ్చేదానికీ పంటిని పట్టుకునేదానికీ చిగురు అని ఒకటే మాట ఎందుకు పెట్టారో నాకు అప్పుడు తెలిసింది.

ఆరు వారాలు నిండిన రోజు పరీక్ష నన్ను చెయ్యనివ్వలేదు మా సీనియరు. ఇది మీ అత్త రక్తం, నువ్వు బయట కూర్చోమన్నాడు. మెట్ల మీద కూర్చున్నాను. ఒకవేళ తగ్గకపోతే అత్తకి ఏం చెప్పాలో మూడు రకాలుగా తయారుచేసుకున్నాను, మూడూ పనికిరానివే. కాసేపటికి ఆయన తలుపు సందులోంచి తల బయటపెట్టాడు.

"ఐదు పాయింట్ ఎనిమిది. రెండుసార్లు చేశాను," అని మళ్ళీ తలుపు మూసుకున్నాడు.

ఎముకల డాక్టరు దగ్గరికి అత్త తన అట్టపెట్టె కూడా పట్టుకొచ్చింది. ఆయన నా కాగితం ఒక్క క్షణం చూసి పక్కన పెట్టాడు గానీ ఆ గుడ్డముక్కల్ని మాత్రం ఒక్కొక్కటే తీసి, తేదీలు చదువుతూ, చివరిదాకా చూశాడు. తర్వాత డైరీ తెరిచి వచ్చే మంగళవారం అన్నాడు. ఈసారి ఆపరేషను కాగితం నింపేటప్పుడు ప్రతి ప్రశ్నా గట్టిగా చదివి అత్తని అడిగి మరీ రాశాను. నీకు గర్భమా అన్న ప్రశ్న కూడా అడిగాను. ఆవిడ ఇచ్చిన జవాబు ఇక్కడ రాయను.

ఆపరేషను బాగా జరిగింది. రెండో రోజు పొద్దున వ్యాయామం చేయించే అమ్మాయి నాలుగు కాళ్ళ స్టాండు తెచ్చి మంచం ముందు పెట్టింది. అత్త రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. పెదాలు బిగించింది. పడిపోతుందేమోనని నేను ఎదురుగా చేతులు చాచి నిలబడ్డాను. మెల్లగా లేచింది. ఎడమ కాలు, తర్వాత కుడి కాలు. కుడి మోకాలు వంకర లేకుండా నిటారుగా సాగింది, దాని వెనకే నడుము, దాని వెనకే భుజాలు. ఆవిడ లేస్తూనే ఉంది. నా కళ్ళు ఆవిడ కళ్ళని దాటి, ముక్కుని దాటి, గడ్డం దగ్గర ఆగాయి.

మా అత్త నాకంటే పొడుగు. చిన్నప్పుడు ఆవిడ మొహం చూడాలంటే తల ఎత్తాల్సి వచ్చేది. పెద్దయ్యాక అక్కర్లేకపోయింది, నేను ఎదిగి ఆవిణ్ణి దాటేశాననుకున్నాను. దాటలేదు. ఆవిడే నా కళ్ళముందు రోజుకింత వంగిపోయింది, నేను చూడలేదు.

అత్త స్టాండు వదలకుండా తల వంచి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏంటే దోమా, ఇంత పొట్టిదానివా నువ్వు?"

అవునత్తా అన్నాను, ఏడుస్తూ, తలెత్తి ఆవిడ మొహంలోకి చూస్తూ.